చైనా కంపెనీ హువావే మీద అమెరికా ఆంక్షలు: మన చేతిలో ఉన్న ఫోన్ సంగతేంటి?

నీలిమ
2019 మే 21, ఉదయం

అందరికీ నమస్కారం. ఫోన్ల గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. పోయిన నెలే నాన్నకి హువావే పీ30 లైట్ కొనిచ్చాను. ఆయన వాడుతున్న మొదటి స్మార్ట్‌ఫోన్ ఇదే. మనవడితో వీడియో కాల్ మాట్లాడటం, యూట్యూబ్‌లో పాత పాటలు వినడం ఇప్పుడిప్పుడే అలవాటైంది. నిన్న టీవీలో "హువావే ఫోన్లకు గూగుల్ బంద్" అని చూసి ఫోన్ తీసుకెళ్లి బీరువాలో పెట్టేశారు. "ఇది ఇక పనిచెయ్యదట కదమ్మా" అంటున్నారు. నిజంగానే ఆగిపోతుందా? ప్లే స్టోర్ పోతుందా? అమ్మేయాలంటే ఇప్పుడే అమ్మేయాలా? రాత్రంతా అదే టెన్షన్.

రవి_కోడ్
2019 మే 21, సాయంత్రం

నీలిమ గారూ, ముందు ఆ ఫోన్ బీరువాలోంచి తీసి నాన్నగారి చేతికివ్వండి. ఏదీ ఆగలేదు.

మే 15న అమెరికా వాణిజ్య శాఖ హువావేను 'ఎంటిటీ లిస్ట్' అనే జాబితాలో చేరుస్తున్నట్టు ప్రకటించింది. ఆ జాబితాకెక్కిన కంపెనీకి అమెరికా సాంకేతికత ఉన్న వస్తువైనా, సాఫ్ట్‌వేరైనా ఇవ్వాలంటే ముందు ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అడిగినా దొరకడం కష్టం. గూగుల్ అమెరికా కంపెనీ, కాబట్టి దానికీ తప్పదు.

ఇక మన ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్ అని ఒకే మాట అంటాం గానీ అందులో రెండు పొరలున్నాయి. అడుగున ఉన్నది ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్. అది ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, ఈ ఆంక్ష దాన్ని ఆపలేదు. దాని మీద ప్లే స్టోర్, జీమెయిల్, మ్యాప్స్, యూట్యూబ్, వీటన్నిటికీ ఆధారమైన ప్లే సర్వీసెస్ ఉంటాయి. ఇవి గూగుల్ సొంతం. ఫోన్ తయారీదారు ఒప్పందం చేసుకుని, ఒక్కో మోడల్‌కి పరీక్షలు పెట్టించి, సర్టిఫికేషన్ తెచ్చుకున్నాకే ఇవి ఫోన్లోకి వస్తాయి. మీ నాన్నగారి ఫోన్‌కి ఆ సర్టిఫికేషన్ ఎప్పుడో అయిపోయింది. ఇప్పటికే వాడుతున్న ఫోన్లలో ప్లే స్టోర్, ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లను పట్టుకునే గూగుల్ రక్షణ) పనిచేస్తూనే ఉంటాయని గూగుల్ కూడా చెప్పింది.

రాత్రి ఇంకో కబురు వచ్చింది. 90 రోజులకు తాత్కాలిక లైసెన్సు ఇచ్చారు, ఆగస్టు 19 వరకు. మే 16 నాటికి జనానికి అందుబాటులోకి వచ్చిన మోడళ్లకు అప్‌డేట్లు, మద్దతు ఇవ్వడానికి అందులో అనుమతి ఉంది. పీ30 లైట్ ఆ తేదీకి ముందే అమ్మకంలో ఉంది కదా, అందులోకే వస్తుంది.

నీలిమ
2019 మే 21, రాత్రి

చాలా థాంక్స్ రవి గారూ. మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. ఫోన్ బయటికొచ్చింది. కానీ ఆ 90 రోజులయ్యాక ఏంటని అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు.

పాత_ఫోన్ల_మురళి
2019 మే 23

రవి చెప్పింది చట్టం లెక్కలో నిజమే, బజారు లెక్క వేరు. నా దగ్గర ఏడాది వాడిన హువావే ఉంది. వార్త రాకముందు రోజు ఒకాయన కొంటానని మాటిచ్చాడు. ఇప్పుడు ఫోనెత్తడం లేదు. ఫోన్ నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. ఒక్క గీత పడలేదు. విలువ మాత్రం పోయింది.

వార్తలు కూడా ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. బ్రిటన్‌లో ఈఈ, వొడాఫోన్ అనే టెలికాం కంపెనీలు హువావే 5జీ ఫోన్ల విడుదల ఆపేశాయి. ప్రాసెసర్ డిజైన్లిచ్చే ఆర్మ్ కంపెనీ కూడా పని ఆపమని తన ఉద్యోగులకు చెప్పిందట. ఇవన్నీ విన్నాక ఎవరు కొంటారు? అమ్మే ఆలోచన ఉంటే అమ్మేయండి, వాడుకునే ఆలోచన ఉంటే వాడుకోండి. మధ్యలో ఊగితే నష్టమే.

మరమ్మతు_మాస్టారు
2019 మే 23

ఫోన్ల రిపేరు మీద బతికేవాడిని, నేనూ రెండు మాటలు చెప్తాను. ఇది మొదటిసారి కాదు. 2018 ఏప్రిల్‌లో జడ్‌టీఈ అనే ఇంకో చైనా ఫోన్ల కంపెనీ మీద ఇంతకంటే గట్టి దెబ్బ వేశారు. ఇరాన్, ఉత్తర కొరియాలకు సరుకు పంపిన కేసులో ఒప్పుకున్న షరతులు పాటించలేదని, అమెరికా నుంచి ఏదీ కొనకూడదన్నారు. నెల తిరగకుండానే మే 9న ప్రధాన కార్యకలాపాలు ఆపేశామని ఆ కంపెనీయే ప్రకటించింది. అంత పెద్ద కంపెనీ! తర్వాత 100 కోట్ల డాలర్ల జరిమానా, ఇంకో 40 కోట్లు డిపాజిట్ కట్టించుకుని జులైలో ఆంక్ష తీసేశారు.

కాబట్టి రాత్రికి రాత్రి వచ్చింది, రాత్రికి రాత్రి పోవచ్చు కూడా. అయితే జడ్‌టీఈ ముఖ్యమైన విడిభాగాల కోసం బయటివాళ్ల మీద ఆధారపడింది, అందుకే అంత త్వరగా దిగొచ్చింది. హువావేకి సొంత చిప్ డిజైన్ ఉంది, కిరిన్ అని. వీళ్లు అంత తేలిగ్గా లొంగరు. అంటే గొడవ చాలాకాలం నడుస్తుంది. నీలిమమ్మా, ఫోన్ వాడుకోమను, కానీ ఫొటోలు, నంబర్లు వేరేచోట కూడా దాచుకోమను. ఆంక్షలున్నా లేకపోయినా చెయ్యాల్సిన పనే ఇది.

సుజాత_ఎస్
2019 మే 24

నాదొక అనుమానం. హువావే ఫోన్ దగ్గరుంటే నేరమా? అమెరికా వెళ్తున్నాను, ఎయిర్‌పోర్టులో లాక్కుంటారని ఒకరు భయపెట్టారు.

రవి_కోడ్
2019 మే 24

అలాంటిదేమీ లేదు సుజాత గారూ. మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఈ భయం పుట్టింది. 5జీ నెట్‌వర్క్ పరికరాల నిషేధం ఒకటి. ఆస్ట్రేలియా 2018లో పెట్టింది. అది టవర్లకు సంబంధించింది, మన జేబులో ఫోన్‌కి కాదు. రెండోది అమెరికా ప్రభుత్వ శాఖలు హువావే, జడ్‌టీఈ పరికరాలు కొనకూడదన్న చట్టం. 2018లో సైనిక స్థావరాల దుకాణాల్లో కూడా ఈ రెండు కంపెనీల ఫోన్ల అమ్మకం ఆపేశారు. మూడోది మనం మాట్లాడుకుంటున్న ఎంటిటీ లిస్ట్. ఇది కంపెనీకి సరుకు ఇవ్వడం మీద ఆంక్ష. ఫోన్ కొనుక్కుని వాడుకునే మామూలు మనిషి ఇందులో ఎక్కడా నేరస్థుడు కాదు. నిశ్చింతగా తీసుకెళ్లండి.

నిర్వాహకుడు
2019 మే 25

మిత్రులారా, చైనా మంచిదా అమెరికా మంచిదా అంటూ వచ్చిన పదకొండు వ్యాఖ్యలు తీసేశాను. ఆ చర్చకు వేరే చోటుంది. ఇక్కడ ఫోన్ వాడేవాళ్ల ఇబ్బందులే మాట్లాడుకుందాం.

నీలిమ
2019 ఆగస్టు 20

ఆ తాత్కాలిక లైసెన్సు ఇంకో 90 రోజులు పొడిగించారు, నవంబర్ 18 వరకు. అంతా సవ్యంగానే ఉంది, అప్‌డేట్ కూడా ఒకటి వచ్చింది. కానీ నాన్న క్యాలెండర్‌లో 19వ తేదీకి గుండ్రం చుట్టి పెట్టుకున్నారని నిన్ననే చూశాను. ఇప్పుడు నవంబర్ పేజీ తీసి మళ్లీ చుట్టారు. సొంత డబ్బుతో కొన్న వస్తువు ఎన్నాళ్లు పనిచేస్తుందో తెలియడానికి ఏదో దేశంలో ఎవరో పెట్టే సంతకం కోసం ఎదురుచూడాలా? నాకిది చాలా అన్యాయంగా అనిపిస్తోంది.

కిరణ్_కెమెరా
2019 అక్టోబర్ 4

మేట్ 30 ప్రో కొందామనుకుంటున్నాను, కెమెరా కోసం. సెప్టెంబర్ 19న మ్యూనిక్‌లో విడుదల చేశారు, గూగుల్ యాప్‌లు లేకుండానే. ఏదో సైట్‌లోంచి ఒక యాప్ వేసుకుంటే గూగుల్ మొత్తం వచ్చేస్తుందని విన్నాను. ఎవరైనా చేశారా?

రవి_కోడ్
2019 అక్టోబర్ 4

కిరణ్, వద్దు తమ్ముడూ. ఎల్‌జడ్‌ప్లే గురించే కదా నువ్వు అంటున్నది? ఆ సైట్ అక్టోబర్ 1న మాయమైపోయింది. ఆ యాప్ ఫోన్ మీద అడ్మిన్ అధికారం అడుగుతుంది. మామూలు యాప్‌లకు దొరకని అనుమతులు వాడుకుని గూగుల్ ఫైళ్లను సిస్టమ్‌లో కూర్చోబెడుతుంది. ఎవరు రాశారో తెలియని యాప్‌కి అంత అధికారం ఇవ్వడమంటే ఇంటి తాళాలు దారిన పోయేవాడికిచ్చినట్టే. పైగా సైట్ పోయిన రోజే మేట్ 30 ఫోన్లు, ఫోన్ నమ్మదగినదేనా అని చూసే గూగుల్ 'సేఫ్టీనెట్' పరీక్షలో తప్పడం మొదలుపెట్టాయి. అంటే గూగుల్ పే లాంటివి ఇక పనిచెయ్యవు. దొడ్డిదారిన తెచ్చుకున్నది ఎప్పుడు పోతుందో చెప్పలేం.

ఇక్కడ గీత ఎక్కడుందో అందరూ గుర్తుపెట్టుకోండి. 2019 మే 16కి ముందొచ్చిన మోడలా, తర్వాతొచ్చిందా? హువావే ఫోన్ కొనేవాళ్లు కెమెరా మెగాపిక్సెళ్ల కంటే ముందు చూడాల్సింది ఇదే.

కిరణ్_కెమెరా
2020 ఆగస్టు 15

నా కథ కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మేట్ 30 అప్పట్లో మానుకున్నాను గానీ ఈ ఏప్రిల్‌లో పీ40 ప్రో కొన్నాను. తెలిసే కొన్నాను. ఫొటోలు తియ్యడం నా పిచ్చి, రాత్రిపూట ఈ కెమెరా తీసినట్టు నేను వాడిన ఏ ఫోనూ తియ్యలేదు.

మొదట బాగానే అనిపించింది. వాట్సాప్ వాళ్ల సైట్ నుంచే వేసుకున్నాను, నడుస్తోంది. కానీ పాత ఫోన్లో నా చాట్లన్నీ గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ అయి ఉన్నాయి. కొత్త ఫోన్‌కి డ్రైవ్ అందదు కదా, నాలుగేళ్ల మాటలు తిరిగి రాలేదు. దాని గురించి నాకెవరూ ముందుగా చెప్పలేదు. యూట్యూబ్ బ్రౌజర్‌లో చూస్తాను. మెయిల్ ఇంకో యాప్‌లో పెట్టుకున్నాను. ఇంతవరకు సర్దుకోవచ్చు.

అసలు చిక్కు గూగుల్ పేరు కనిపించని చోట వచ్చింది. క్యాబ్ యాప్ వేసుకున్నాను, తెరుచుకుంది, లోపల మ్యాప్ స్థానంలో తెల్లటి ఖాళీ. ఎందుకంటే ఆ యాప్ వాళ్లు గూగుల్ మ్యాప్స్ మీద కట్టుకున్నారు. ఒక న్యూస్ యాప్ బాగానే నడుస్తుంది గానీ నోటిఫికేషన్ రాదు, అది గూగుల్ సర్వర్ ద్వారా రావాలి. నా బ్యాంకు యాప్ అయితే తెరవగానే "ఈ పరికరం సురక్షితం కాదు" అని మూసుకుపోయింది. కొత్త ఫోన్, పెట్టె విప్పి రెండు గంటలు కాలేదు! బ్యాంకుకి ఫోన్ చేస్తే వేరే ఫోన్ వాడుకోమన్నారు.

హువావే సొంత యాప్ స్టోర్ యాప్‌గ్యాలరీలో అప్పటికంటే ఇప్పుడు యాప్‌లు పెరిగాయి, అది ఒప్పుకోవాలి. కానీ నేనిప్పుడు రెండు ఫోన్లు మోస్తున్నాను. ఒకటి ఫొటోలకి, ఒకటి బతకడానికి.

పాత_ఫోన్ల_మురళి
2020 ఆగస్టు 15

కిరణ్, బ్యాకప్ సంగతి చదివితే బాధేసింది. పాత ఫోన్ ఇంకా ఉంటే అందులోనే వాట్సాప్ లోకల్ బ్యాకప్ ఫైల్ ఉంటుంది. దాన్ని కంప్యూటర్ ద్వారా కొత్త ఫోన్లో అదే ఫోల్డర్‌లో పెట్టి, వాట్సాప్ తీసేసి మళ్లీ వేసి, అదే నంబరుతో తెరిస్తే తీసుకుంటుంది. చేసి చూడు.

కిరణ్_కెమెరా
2020 ఆగస్టు 16

మురళి అన్నా, వచ్చేశాయి! పాత ఫోన్ చెల్లి దగ్గరుంది, రాత్రి తెప్పించి చేశాను. నాలుగేళ్ల చాట్లూ వచ్చాయి. మీ మేలు మర్చిపోను.

నీలిమ
2020 ఆగస్టు 17

మళ్లీ నేనే. తాత్కాలిక లైసెన్సు ఆగస్టు 13తో ముగిసిపోయిందట, ఈసారి పొడిగించలేదు. ఇప్పుడు నాన్న ఫోన్ సంగతేంటి?

రవి_కోడ్
2020 ఆగస్టు 18

ప్లే స్టోర్, యాప్‌ల అప్‌డేట్లు వస్తాయి నీలిమ గారూ. అవి గూగుల్ నుంచి నేరుగా మీ ఫోన్‌కి వస్తాయి, మధ్యలో హువావే లేదు. తేడా ఫోన్ సిస్టమ్ అప్‌డేట్ల దగ్గర వస్తుంది. ఇకమీద కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌ని గూగుల్ యాప్‌లతో సహా సర్టిఫై చేయించుకునే దారి వాళ్లకి మూసుకుపోయినట్టే. భద్రతా ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే చిన్న అప్‌డేట్లు) ఓపెన్ సోర్స్‌లో బహిరంగంగా వస్తాయి కాబట్టి వాటిని వాళ్లే తీసుకుని అందించగలరు. అంటే ఫోన్ ఆగదు, ముసలిదవుతుంది. మామూలుగా అయ్యేదానికంటే కొంచెం త్వరగా.

నిన్న ఇంకో కబురు కూడా ఉంది. చిప్‌ల మీద ఆంక్ష మరింత బిగించారు. అమెరికా సాంకేతికతతో ఏ దేశంలో చిప్ తయారు చేసినా హువావేకి ఇవ్వాలంటే లైసెన్సు కావాలి. కిరిన్ చిప్‌లు తయారు చేసేది తైవాన్‌లోని టీఎస్ఎంసీ. సెప్టెంబర్ మధ్య నుంచి అదీ ఆగిపోతుంది. మాస్టారు మొదట్లో చెప్పిన సొంత చిప్ బలం మీదే ఈ దెబ్బ.

మరమ్మతు_మాస్టారు
2020 ఆగస్టు 18

అవును రవీ, అది నేను ఊహించలేదు. డిజైన్ వాళ్లదే గానీ పొయ్యి వేరేవాళ్లది.

విడిభాగాల గురించి కొందరు మెసేజ్‌లో అడిగారు. పాత మోడళ్ల స్క్రీన్లు, బ్యాటరీలు నా దగ్గరికి ఇప్పటికీ వస్తున్నాయి. భయపడి ముందే కొని దాచుకోకండి, బ్యాటరీ వాడకుండా పెట్టెలో ఉంచినా పాడవుతుంది.

వాణి
2020 నవంబర్ 18

నాది హానర్ 9ఎక్స్. నిన్న హువావే తన హానర్ బ్రాండ్‌ని అమ్మేసిందని వార్త. నా ఫోన్‌కి ఇప్పుడు దిక్కెవరు?

రవి_కోడ్
2020 నవంబర్ 18

మీది గూగుల్ ఉన్న ఫోనే కదా వాణి గారూ, అది అలాగే నడుస్తుంది. షెన్‌జెన్‌లోని కొన్ని సంస్థలు, డీలర్లు కలిసి కొన్నారు. హువావేతో తెగిపోతే ఆ జాబితా నీడ హానర్ మీద పడదని ఆశ. కొత్తగా వచ్చే హానర్ ఫోన్లకి గూగుల్ తిరిగి రావచ్చు.

వాణి
2021 అక్టోబర్ 28

ఏడాది తర్వాత వచ్చి చెప్తున్నాను, రవి గారన్నట్టే అయ్యింది. హానర్ 50 గూగుల్‌తో వచ్చింది. నిరుటి దాకా ఒకే గూటివాళ్లు, ఇప్పుడు ఒకరికి ఉంది, ఇంకొకరికి లేదు. హువావే పీ50 ప్రోకి 5జీ కూడా లేదట, స్నాప్‌డ్రాగన్ 888 చిప్ వేసి 4జీ మాత్రమే ఇచ్చారు. చిప్‌లో 5జీ చేతనై కూడా లైసెన్సు లేక ఫోన్లో లేకపోవడం చూస్తే మనసు చివుక్కుమంటోంది.

కిరణ్_కెమెరా
2023 సెప్టెంబర్ 6

మేట్ 60 ప్రో చూశారా? ఆగస్టు 29న పెద్ద ప్రకటనేమీ లేకుండా అమ్మకానికి పెట్టారు. కిరిన్ 9000ఎస్ చిప్, చైనాలోనే ఎస్ఎంఐసీ అనే చిప్ కంపెనీ తయారు చేసిందని విప్పి చూసినవాళ్లు తేల్చారు. 7 నానోమీటర్ల పద్ధతి. వేగం కూడా 5జీ స్థాయిలో వస్తోంది. పట్టుదలకి చెయ్యెత్తి దండం పెట్టాలి. కానీ చైనా బయట ఉన్న నాకు అడగాల్సిన ప్రశ్న పాతదే: నా బ్యాంకు యాప్ తెరుచుకుంటుందా?

రవి_కోడ్
2024 నవంబర్ 2

చాలాకాలం తర్వాత ఈ చర్చ పైకి తెస్తున్నాను. అక్టోబర్ 22న హువావే సొంత ఆపరేటింగ్ సిస్టమ్ హార్మొనీ ఓఎస్ నెక్స్ట్ అధికారికంగా వచ్చింది. 2019 ఆగస్టులో హార్మొనీ అని పేరు ప్రకటించినప్పుడు, 2021లో ఫోన్లలోకి వచ్చినప్పుడు కూడా అందులో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిచేవి. ఇప్పుడు ఆ అడుగు పొర కూడా తీసేశారు. ఆండ్రాయిడ్ యాప్ నేరుగా నడవదు, ప్రతి కంపెనీ తన యాప్‌ని దీనికోసం మళ్లీ రాయాలి. ప్రస్తుతానికి ఇది చైనాలోనే. విదేశాల నుంచి ఎవరైనా చైనా మోడల్ బహుమతిగా తెస్తే, అందులో ఏ సిస్టమ్ ఉందో చూసి గానీ మీ సిమ్ మార్చకండి. ఈమధ్య ఇద్దరు ఇలాగే ఇబ్బంది పడి నాకు రాశారు.

నీలిమ
2024 డిసెంబర్ 9

రవి గారూ, మాస్టారూ, అందరికీ నమస్కారం. ఈ చర్చ మొదలుపెట్టినదాన్ని కాబట్టి చివరి సంగతి కూడా నేనే చెప్పాలి.

నాన్న పీ30 లైట్ అయిదున్నరేళ్లు పనిచేసింది. ఒక్కరోజు కూడా మొరాయించలేదు. ఆండ్రాయిడ్ 10 దగ్గరే ఆగిపోయింది, భద్రతా ప్యాచ్‌లు ఎప్పుడో నిలిచాయి. పోయిన నెల పెన్షన్ పడే బ్యాంకు యాప్ "మీ ఫోన్ సాఫ్ట్‌వేర్ పాతది" అని లోపలికి రానివ్వలేదు. ఫోన్‌కి ఏమీ కాలేదు, మాట స్పష్టంగా వినిపిస్తుంది, బ్యాటరీ మాస్టారు చెప్పాకే ఒకసారి మార్పించాం. అయినా కొత్తది కొనక తప్పలేదు.

నాన్న ఒకటే అడిగారు. "వాళ్లిద్దరికీ తగాదా అయితే నేనేం చేశానమ్మా?" అని.

మురళి గారు కిరణ్‌కి చెప్పిన పద్ధతే ఇక్కడ వెతికి తీసి, వాట్సాప్ చాట్లన్నీ కొత్త ఫోన్లోకి మార్చాను. మనవడు మాటలు నేర్చుకునేటప్పుడు పంపిన వాయిస్ మెసేజ్‌లు అన్నీ వచ్చాయి. అవి ఒక్కొక్కటే తెరిచి, నాన్న పక్కనుండగా వినిపించాకే పాత ఫోన్ స్విచాఫ్ చేశాను.

మరమ్మతు_మాస్టారు
2024 డిసెంబర్ 9

అమ్మా, ఆ పాత ఫోన్ పూర్తిగా స్విచాఫ్ చేసి వదిలెయ్యకు. సిమ్ తీసేసి, బ్యాంకు యాప్‌లు తొలగించి, వైఫైలో పాటలకి వాడుకోమను నాన్నగారిని. రెండు మూడు నెలలకొకసారైనా సగం దాకా చార్జింగ్ పెట్టు. స్పీకరు బాగుందన్నావు కదా, ఇంకా కొన్నేళ్లు పాడుతుంది.